గొర్రెపిల్ల బుగ్గ మీద సుక్క

వచ్చింది ఆటో కాదు, ట్రాక్టర్. వడ్ల బస్తాల బరువుకు మూలుగుతూ పోయే ట్రాక్టర్. నీల మళ్ళీ తల దిండు మీద వాల్చింది. తొమ్మిది రోజులుగా కళ్ళకు పని లేదు, కాళ్ళకు పని లేదు, ఒంట్లో మిగిలిన సత్తువంతా చెవుల్లోకి చేరినట్టుంది; ఇంటి వెనక కోడి ఏ కాలితో మన్ను గీరుతోందో కూడా చెప్పగలదు. గీరడం అనుకోగానే వీపు మీద, చెవి వెనక, వేళ్ళ సందుల్లో ఒక్కసారిగా దురద లేచింది. గోకకూడదు. "గోకితే మచ్చ పడతది, సచ్చిందాక పోదు" అని అమ్మమ్మ రోజుకు ఇరవైసార్లు అంటుంది. వేపమండ తీసుకుని ఆకుల కొసలతో మెల్లగా నిమురుకుంది. చేదు వాసన. ఈ గదిలో ఉన్నదంతా చేదు వాసనే: కింద పరిచింది వేపాకు, గుమ్మానికి కట్టింది వేపాకు, తాగే నీళ్ళ చెంబు పక్కన వేపాకు. మూలన అమ్మతల్లి పేరు మీద వెలిగించిన ఆముదం దీపం పగలూ రాత్రీ మలగకుండా మినుకుమంటూ ఉంటుంది. ఇంట్లో తాలింపు బందు. పెరుగన్నం తిని తిని నోరు సున్నం కొట్టిన గోడ లెక్క అయింది. ఒంటి నిండా నీటిపొక్కులు; తల్లి పోసింది అంటారు, రోగం అనరు. "తల్లి సూడొచ్చింది బిడ్డా, సూసి పోతది" అని అమ్మమ్మ ఎంతో మర్యాదగా చెబుతుంది, ఎండకాలం సెలవులకు వచ్చిన చుట్టం గురించి చెప్పినట్టు. నిజానికి సెలవులకు వచ్చిన చుట్టం నీలే. సూర్యాపేటలో తమ్ముడు చిన్నవాడు, వాడికి ఎక్కడ అంటుకుంటుందోనని అమ్మ ఫోన్లోనే ఏడ్చి, తలకు మూడు నీళ్ళు పోసేదాకా ఆడనే ఉండు బిడ్డా అంది. రెండు నీళ్ళు అయ్యాయి. మూడోది ఎల్లుండి. ఎల్లుండిదాకా ఈ గడప లోపలున్నది లోపలే, బయటున్నది బయటే. అది అమ్మమ్మ చట్టం.

బయటినుంచి ఇప్పుడు రావలసింది లింగస్వామి మామ. పొద్దున మొదటి బస్సుకే మిర్యాలగూడ పోయాడు. కొరియర్ వాళ్ళు పాలకీడు అవతల ఉన్న ఈ ఊరిదాకా రారు కాబట్టి, పాత బొమ్మల సినిమా ఉన్న డిస్కుల డబ్బా గోపి స్టూడియో అడ్రసుకు తెప్పించారు. పెళ్ళి వీడియోలు తీసే గోపి దగ్గరే పాత డిస్కు ప్లేయర్ కూడా ఉంది. ఈ రోజుల్లో ఇంకెవరి దగ్గర ఉంటుంది? పొద్దుగూకేసరికి వాపసు ఇస్తానన్న మాట మీద అడుక్కొస్తున్నాడు. మూడింటికల్లా వస్తా అన్నాడు. ఇప్పుడు ఎంత అయి ఉంటుంది? కిటికీ రెక్కల మధ్య వేలెడంత సందులోంచి పడే ఎండ చాప అంచు దాటి చెంబు దాకా వచ్చింది, అంటే మూడు అయ్యే ఉంటుంది. మామ ఎక్కిన ఆటోకు టైరు పంచరు కావాలి. గోపి షాపు మూసి ఉండాలి. డబ్బాలో డిస్కు పగిలి ఉండాలి. పోనీ ఊళ్ళో కరెంటన్నా పోవాలి. ఎనిమిది నెలలు రావాలి, రావాలి అని మొక్కిన నోటితోనే ఇప్పుడు రావొద్దు అని మొక్కుతోంది. ఏ దేవుడైనా పరేషాన్ అయితడు.

ఎందుకంటే ఆ డిస్కులో అమ్మమ్మ సుక్క లేదు. లేదనే నీల అనుమానం. అనుమానమేనా? చూసింది కదా. కానీ చూసిన రోజు జ్వరం కాగుతోంది, పైకప్పు రేకులు కూడా కిందికి దిగి వచ్చినట్టు కనిపించిన రోజు. జ్వరంలో చూసింది లెక్కకు రాదేమో. రాకూడదు.

సుక్క సంగతి నీలకు అన్నం ముద్దలతో పాటు తెలుసు. అమ్మమ్మ లచ్చమ్మకు అప్పుడు ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. గొర్లు రోగం తగిలి పోతే, తాత మట్టయ్యతో కలిసి మిర్యాలగూడ వచ్చి, రైసుమిల్లు కళ్ళంలో ఉడికిన వడ్లు ఆరబోసే పనికి కుదిరింది. కిరాయికి దొరికిన గది డ్రాయింగు మాస్టరు లక్ష్మీనర్సయ్య ఇంటి వెనక. ఆయన బడిలో బొమ్మలు చెప్పి, ఇంటికొచ్చి బొమ్మలు వేసేవాడు. ఒకటే గొర్రెపిల్లను వందలసార్లు, వేలసార్లు, సన్నటి పారదర్శకపు కాయితాల మీద వేసేవాడు. కాలు కాస్త ఎత్తినట్టు ఒకటి, ఇంకాస్త ఎత్తినట్టు ఇంకొకటి. తల్లిని పోగొట్టుకున్న గొర్రెపిల్ల మిల్లు కాడినుంచి కృష్ణ ఒడ్డు దాకా కనిపించిన వాళ్ళనల్లా అడుగుతూ పోయే పదకొండు నిమిషాల బొమ్మల సినిమా. అమ్మమ్మ చంకలో అప్పుడు అమ్మ ఉండేది, సుజాత, ఏడాది పిల్ల. రోజూ పొద్దున ఆముదం దీపం మసి తీసి పిల్ల బుగ్గకు దిష్టిసుక్క పెట్టనిదే అమ్మమ్మ గది దాటేది కాదు. ఒకనాడు సాయంత్రం దండెం మీద బట్టల్లా ఆరేసిన ఆ కాయితాల ముందు నిలబడి అడిగిందట, "ఇంత ముద్దుగున్న పిల్లను ఉత్త బుగ్గతోని బయటికి తోలుతరా సారూ? ఊరంత సూస్తది, దిష్టి తగలదా?" మాస్టరు పడీపడీ నవ్వాడట. నవ్వి, కాసేపు కాయితం వైపే చూసి, "అయితే నువ్వే పెట్టమ్మా" అన్నాడట.

పెట్టింది. మిల్లు పని అయ్యాక రోజూ రెండు గంటలు. కుంచె పట్టడం రాదు కాబట్టి చీపురుపుల్ల. రంగు కాదు, ఆముదం మసే, అందులో జర తుమ్మబంక కలిపి. ఎడమ బుగ్గ మీద, కంటికి కింద, చెవికి ముందు. రెండు వేల మూడు వందల నలభై కాయితాలు. ఒక కాయితంలో వెంట్రుకవాసి పైకి, ఇంకో కాయితంలో వెంట్రుకవాసి కిందికి పడేది, చెయ్యి చెయ్యే కదా, అచ్చుముద్ర కాదు. మాస్టరు దిద్దలేదు. కదలనీ లచ్చమ్మా, బతికున్నట్టు ఉంటది అన్నాడట. ఆ మాట చెప్పేటప్పుడల్లా అమ్మమ్మ గొంతు మారేది, ఆయన గొంతు కొద్దిగా తెచ్చుకుని చెప్పేది. నీల డైరీలో ఆ వాక్యం మూడు చోట్ల ఉంది.

సినిమాను బడి మైదానంలో తెల్లగుడ్డ కట్టి ఒకే ఒక్కసారి చూసింది అమ్మమ్మ. తర్వాత రీళ్ళు ఎక్కడికో పోయాయి, మాస్టరు పోయాడు, తాత పోయాడు, మిల్లు పని పోయి మళ్ళీ ఊరొచ్చింది. ఊరొచ్చి చెప్పింది. చెప్పకుండా ఉంటే బాగుండేది. "సినిమాల నేను పెట్టిన సుక్క ఉంటది" అంటే ఊరు ఊరుకుంటుందా? పేరే పెట్టేశారు, సుక్కల లచ్చమ్మ. పక్కింటి యాదమ్మ వరసకు మరదలు, ఆమెకైతే నోటికి హద్దే లేదు. "ఏం వదినే, రాత్రి ఆకాశం సూసిన, గవి గూడ నువ్వు పెట్టినయేనా?" అంటుంది. అమ్మమ్మ నవ్వేస్తుంది. కల్లు తాగితే మాత్రం నవ్వదు, మాట్లాడదు, పుల్ల పట్టుకున్నట్టు బొటనవేలు చూపుడువేలు కలిపి గాలిలో ఒకటి పొడుస్తుంది. అంతే. నీల చిన్నప్పటినుంచి చూస్తున్న ముద్ర అది.

అందుకే కిందటేడు అమ్మ ఫోన్లో, వెతగ్గా వెతగ్గా, ఆ గొర్రెపిల్ల ఒక్క బొమ్మ కనిపించినప్పుడు నీల కింద రాసినదంతా ఒక్క అక్షరం వదలకుండా చదివింది. హైదరాబాదులో నలుగురు కుర్రవాళ్ళు కలిసి పాత తెలుగు బొమ్మల సినిమాలు వెతికి, గీతలు, మచ్చలు తుడిచి, కొత్తవాటిలా చేసి ఐదు సినిమాల డిస్కుల డబ్బా తెస్తారట. మాస్టరు కొడుకు మురళీధర్ అటక మీది రేకుపెట్టెలో రీళ్ళు దొరికాయని ఇచ్చాడట. దసరాకి వస్తుంది అన్నారు. దసరా పోయింది. రంగులు వెలిసిపోయాయి, ఒక్కొక్క బొమ్మ సరిచేయాలి, ఉగాదికి అన్నారు. నీల డైరీ అట్ట లోపలివైపు తేదీలు కొట్టేసి కొట్టేసి రాసుకుంది. డబ్బా అట్ట మీద ఏ బొమ్మ ఉంటుందో చూపించిన రోజు, లోపల చిన్న పుస్తకం కూడా ఉంటుందన్న రోజు, సగం ధర ముందే కట్టమన్న రోజు, అన్నీ రాసుకుంది. మామను బతిమాలింది మూడు వారాలు. బతిమాలడం అంటే మాట్లాడడం కాదు, నీలకు మాట్లాడడం ఎక్కడ వచ్చు? మామ సూర్యాపేట వచ్చినప్పుడల్లా ఆయన అన్నం తినేచోట అమ్మ ఫోను తెరిచిపెట్టి పక్కన కూచోవడం. "ఓ కోడలు పిల్లా, నోట్ల బెల్లం పెట్టుకున్నవా? కావాల్నంటే కావాలె అనరాదే" అని చివరికి ఆయనే కట్టాడు.

మాట్లాడడం రాదు. అదే కదా అసలు తప్పు. ఫిబ్రవరిలో వాళ్ళు అడిగారు. పేజీలో గొర్రెపిల్ల ముఖం పెద్దది చేసి పెట్టి, కింద రాశారు: ముఖం మీద నల్లటి మచ్చ ఒకటి ప్రతి బొమ్మలోనూ కొద్దికొద్దిగా కదులుతోంది, ఇది రీలుకు పట్టిన మురికా, గీసిందా, తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి. తెలిసినవాళ్ళు! ప్రపంచం మొత్తం మీద తెలిసినవాళ్ళు ఇద్దరే, ఒకరికి చదువు రాదు, ఇంకొకరికి నోరు రాదు. నీల ఆ రాత్రే డైరీలో జవాబు రాసింది. గౌరవనీయులైన సర్ గారికి అని మొదలుపెట్టింది, సెలవు చీటీ లాగా ఉంది, కొట్టేసింది. రెండోసారి అన్నా అని రాసింది, ముక్కూమొగం తెలియనివాళ్ళను అన్నా అనడం ఏంది అని కొట్టేసింది. మూడోసారి విషయం బాగానే వచ్చింది కానీ ఆ మాట దగ్గర ఆగిపోయింది. సుక్క అని రాయాలా, చుక్క అని రాయాలా? కోదాడ నుంచి వచ్చే స్వరూప టీచర్ ఏడో తరగతిలో కాంపోజిషన్ నోట్సులో ఎర్రపెన్నుతో సున్నా చుట్టి, "మాట్లాడేటప్పుడు ఏమన్నా అనుకోమ్మా, రాసేటప్పుడు మాత్రం చుక్క అనే రాయాలండీ మనం" అంది, చాలా ప్రేమగా. ముందు బెంచీ వాళ్ళు నవ్వారు. చుక్క అని రాస్తే అది అమ్మమ్మది కాదు, ఆకాశంలోదో, ముగ్గులోదో అయిపోతుంది. సుక్క అని రాస్తే అన్ని ఊళ్ళ వాళ్ళూ చూస్తారు, ఫోను అమ్మది కాబట్టి పైన అమ్మ పేరు, అమ్మ ఫోటో, కింద తప్పు. నాలుగోసారి అందంగా, కొట్టివేతలు లేకుండా రాసి, రేపు పంపుదాం అనుకుంది. పరీక్షలయ్యాక అనుకుంది. మార్చిలో చూస్తే ఎవరో పెద్దమనిషి రాశాడు, అది బూజు అయి ఉంటుంది, రీళ్ళు తేమలో ఉంటే అలాగే పడుతుంది, గీసినదైతే కదలదు కదా అని. వాళ్ళు ఆయనకు ధన్యవాదాలు చెప్పారు. దండం పెట్టే రెండు చేతుల బొమ్మ పెట్టి మరీ.

గీసినదైతే కదలదు కదా. కదలనీ లచ్చమ్మా, బతికున్నట్టు ఉంటది.

ఇగ పదిరోజుల కింద, తల నొప్పిగా ఉందని పడుకుని, ఒళ్ళు కాలిపోతుంటే ఊరికే మామ ఫోను తెరిస్తే, వాళ్ళు సినిమాలోంచి నిమిషం ముక్క ఒకటి పెట్టారు. ఎడమ పక్క పాతది, కుడి పక్క కొత్తది. ఎడమ పక్క గీతల వానలో గొర్రెపిల్ల, బుగ్గ మీద వణుకుతున్న సుక్క. కుడి పక్క కడిగిన పళ్ళెంలా ఆకాశం, తళతళలాడే మిల్లు గొట్టం, తెల్లటి గొర్రెపిల్ల. తెల్లటి బుగ్గ. అప్పుడే అమ్మమ్మ వచ్చి నుదురు పట్టుకుని, మెడ మీద నీటిపొక్కులు చూసి, ఫోను లాగేసి, "తల్లీ, తప్పు కాయి" అని చెంపలేసుకుంది. ఆ చెంపలేసుకోవడం తన తప్పుకే అనిపించింది నీలకు. తొమ్మిది రోజులు. అమ్మమ్మ రోజుకు నాలుగుసార్లు వచ్చి పసుపు, వేపాకు నూరిన ముద్ద పొక్కులకు అద్దుతుంది. అద్దుతూ అద్దుతూ, "ఇగ డిస్కు రానియ్యి, యాదమ్మ మొగం మాడ్చకపోతే సూడు" అంటుంది. నలభై ఏళ్ళ తర్వాత. పొక్కు పొక్కుకూ వేలు ఆనించి తీసే ఆ తీరు. చెప్పాలని నోరు తెరిచిన ప్రతిసారీ పెరుగన్నం ముద్ద పడింది నోట్లో. లేదు, అది కూడా అబద్ధమే. నోరు తెరవలేదు.

ఆటో. ఇది ఆటోనే. మూలమలుపు దగ్గర గేరు మార్చే ఆ దగ్గు. ఆగింది. "అమ్మా, వచ్చింది నీ సిన్మా!" మామ గొంతు వాకిట్లో.

"గడప దాటకు! గాడనే ఆగు!" అమ్మమ్మ. "బయటిది లోపలికి రావొద్దు. తల్లి ఇంట్ల ఉండంగ కొత్త వస్తువేంది? టీవీనే బయటికి తెస్త."

"టీవీని బయటికా? అయితే తల్లికి టీవీ అడ్డం కాదా?"

"ఇంట్లది బయటికి పోవుడు ఏరు, బయటిది లోపలికొచ్చుడు ఏరు. నీకెందుకురా, తీగ లాగు."

మంచం ఈడ్చిన చప్పుడు. పరదాకు గోనెపట్టా కట్టిన చప్పుడు. టీవీని తెచ్చి సరిగ్గా నీల కిటికీకి ఆనించి పెట్టారు, స్విచ్చుబోర్డు అక్కడే ఉంది మరి. వేలెడు సందు ముందు ఇప్పుడు టీవీ వీపు ఒక పక్క, దుమ్ము పట్టిన తీగలు; ఇంకో పక్కనుంచి వాకిలి. ఎనిమిది నెలలు ఎదురుచూసిన బొమ్మకు ఆమె వెనక వైపు దొరికింది. కనిపించేది చూసేవాళ్ళ మొగాలే. మొదటి వరసలో చాప మీద అమ్మమ్మ, తల దువ్వుకుని, మడత విప్పిన చీర కట్టుకుని. ఆమె పక్కన యాదమ్మ, నోట్లో తమలపాకు. వెనక పది పన్నెండు మంది ఆడవాళ్ళు, పిల్లలు, గొర్ల కాడికి పోవలసిన నర్సింహ తాత కట్టె మీద గడ్డం ఆనించి. వేపమండకు అవతలే అందరూ. యాదమ్మ అననే అంది, "ఏం వదినే, పెండ్లికూతురు లెక్క తయారైనవ్, సుక్క గూడ నువ్వే పెట్టుకోరాదు బుగ్గకు?" నవ్వులు. అమ్మమ్మ కూడా నవ్వింది. కరెంటు పోవాలి. ఇప్పుడన్నా పోవాలి.

పోలేదు. తంబూరా మీటినట్టు ఒక శబ్దం, డప్పు, మాస్టరుది కాబోలు ముసలి గొంతు కథ మొదలుపెట్టింది. మొగాల మీద నీలం వెలుతురు పడింది, తర్వాత పసుపు. "మిల్లు! గది మేం పనిచేసిన మిల్లే!" అమ్మమ్మ చెయ్యి చాపింది. "గా గొట్టం సూడు, పొగ సూడు, గా మూలకే మా గది." ఆమె మొగం ఇరవై ఏళ్ళ మొగం అయిపోయింది, నీల ఎప్పుడూ చూడని మొగం. సందుకు కన్ను ఇంకా దగ్గరగా ఆనించింది, కనుబొమ్మ మీది పొక్కు చెక్కకు ఒరుసుకుని చురుక్కుమంది. అప్పుడు బయట మే మే అని పిల్ల అరుపు వినిపించింది. గొర్రెపిల్ల వచ్చిందన్నమాట తెర మీదికి.

అమ్మమ్మ మెడ ముందుకు చాచింది. కళ్ళు చిట్లించింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. తప్పు కళ్ళదే అనుకుంటోంది పాపం.

"ఏది వదినే?" యాదమ్మ. "బుగ్గ కోడిగుడ్డు లెక్క నున్నగున్నది. నీ సుక్క దున్నపోతు నాకిపోయిందా?" ఈసారి వెనక వరస దాకా నవ్వులు. నర్సింహ తాత ఒక్కడే నవ్వలేదు. మామ రిమోటు చేతిలో పట్టుకుని అమ్మమ్మ వైపు చూస్తున్నాడు. నీలకు గోడలు దగ్గరికి వచ్చినట్టయింది. ఈ గదిలో నాలుగు గోడలు కాదు, నాలుగు చిత్తుప్రతులు ఉన్నాయి, నాలుగింటి మధ్య తను. తిట్టు అమ్మమ్మా, యాదమ్మను తిట్టు, లేదా ఏడువు, ఏదో ఒకటి. అమ్మమ్మ ఏడవలేదు. లేచి నిలబడింది. ఆమె మొగంలో అవమానం లేదు, అంతకన్నా పెద్ద కంగారు ఉంది, పిల్ల బావి వైపు పాకుతుంటే చూసిన తల్లి కంగారు. "ఉత్త బుగ్గతోని తోలిన్రు" అంది. "ఇంత మందిల."

తలుపు తెరుచుకుంది. వేపమండ పక్కకు తోసుకుని లోపలికి వచ్చి, నీల వైపు చూడకుండా మూలకు పోయింది. చేతిలో చెంబు మూత. దీపం మీద మూత బోర్లించి పట్టుకుంది. గ్యాసు పొయ్యి వచ్చాక ఈ ఇంట్లో మసి ఉన్న చోటు ఇదొక్కటే. ఆముదం పొగ మూతకు నల్లగా పట్టేదాకా కదలకుండా కూచుంది. బయట సినిమా నడుస్తూనే ఉంది, మే మే. చీపురులోంచి ఒక పుల్ల విరిచింది. అప్పుడు తల తిప్పి నీల మొగం చూసింది.

"నీకు ముందే ఎరుకేనా బిడ్డా?"

నీల తల ఊపింది.

"మరి సెప్పకపోతివి."

కోపం కాదు అది. కోపమైతే బాగుండేది. అమ్మమ్మ పుల్ల కొస మసిలో తిప్పుకుంటూ బయటికి పోయింది, మండ ఊగి ఊగి ఆగింది. నీల గడప దాకా పాకింది. గడప అవతల మూడు అడుగుల నేల, దాని అవతల గోనెపట్టా కింద ఊరు. దాటకూడదు. వెనక్కి, సందు దగ్గరికి. ఇప్పుడు అమ్మమ్మ టీవీకి ఎదురుగా, నీలకు ఎదురుగా, చెయ్యి చాచి ఉంది. పుల్ల అద్దానికి తగిలిన టిక్కుమన్న చప్పుడు. వెంటనే పిల్లల గోల, "పోయింది, గొర్రె ఈడికొచ్చింది, అమ్మమ్మా గా దిక్కు!" మళ్ళీ టిక్కు. మళ్ళీ గోల. "నిలువవే, జర నిలువు" అంటోంది అమ్మమ్మ గొర్రెపిల్లతో, అన్నం తినని పిల్లతో అన్నట్టు. యాదమ్మ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. పొడుస్తోంది అమ్మమ్మ, పక్కకు పొడుస్తోంది, అద్దం నిండా మసి అయి ఉంటుంది, ఆమె పెదవి కింద ఏదో వణుకుతోంది ఇప్పుడు, సుక్క వణికినట్టు, బతికున్నట్టు, చెప్పకపోతివి, చెప్పకపోతివి...

"మామా, ఆపు!"

ఎవరిదో గొంతు. పగిలిన గొంతు, తొమ్మిది రోజులు పెరుగన్నం తప్ప ఏమీ దిగని గొంతు. తనదే. "బొమ్మ ఆపు మామా! రిమోటుల రెండు గీతలున్నది నొక్కు!"

మొగాలన్నీ కిటికీ వైపు తిరిగాయి. కిటికీకి గొంతు ఉంటుందని ఎవరూ అనుకోలేదు. డప్పు ఆగింది. అమ్మమ్మ చెయ్యి గాలిలో ఒక్క క్షణం ఉండి, దిగింది. టిక్కు. వెనక్కి జరిగి చూసింది. "ఆ" అంది. అంతే. తర్వాత కొంగుతో అద్దం తుడిచి, మామతో, "ఇంకో కాయితం తియ్యి" అంది.

"కాయితమా?"

"ఒక్కటి జరుపు మామా" అంది నీల లోపలినుంచి. "కొంచెం నడిపి మళ్ళ ఆపు."

నడిపాడు, ఆపాడు. టిక్కు. తుడిచింది. నడిపాడు, ఆపాడు. టిక్కు. నీలకు తెర కనిపించదు కానీ మొగాలు కనిపిస్తున్నాయి. గొర్రెపిల్ల తల తిప్పినా, గెంతినా, వెనక్కి చూసినా, అమ్మమ్మ వెతుక్కోవడం లేదు. పుల్ల మసికి పోతుంది, బుగ్గకు వస్తుంది, మసికి పోతుంది, బుగ్గకు వస్తుంది, నాటు వేసేవాళ్ళ చెయ్యి బురదకు పోయినట్టు. ఆరో ఏడో కాయితానికి ఆమె తెర వైపు సరిగ్గా చూడను కూడా లేదు. మొదట పిల్లల నవ్వు ఆగింది. తర్వాత ఆడవాళ్ళది. నర్సింహ తాత కట్టె మీదినుంచి గడ్డం ఎత్తి, "చెయ్యికి యాదికున్నది" అన్నాడు మెల్లగా. యాదమ్మ తమలపాకు నమలడం మానేసి చూస్తోంది. చూసీ చూసీ, చాప మీద కాస్త ముందుకు జరిగి, మసి పట్టిన మూత తన చేతిలోకి తీసుకుని అమ్మమ్మకు అందేటట్టు పట్టుకుంది. "ఎన్ని పెట్టినవ్ వదినే గిట్ల?" అంది. ఈసారి ఎగతాళి లేదు.

"రెండు వేల మూడు నూర్ల నలభై."

మామ డబ్బా అటూ ఇటూ తిప్పుతున్నాడు. లోపలి చిన్న పుస్తకం చివర, తప్పులేమైనా కనిపిస్తే ఈ నంబరుకు రాయండి, మళ్ళీ వేసేటప్పుడు దిద్దుతాం అని ఉందట. గట్టిగా చదివి, "రాసేటోళ్ళెవలు మన ఇంట్ల?" అన్నాడు. అని, కిటికీ వైపు చూశాడు.

డైరీ వేపాకుల కింద ఉంది. నీల తీసింది. నాలుగో చిత్తుప్రతి, కొట్టివేతలు లేనిది. సందులోంచి బయటికి ఇవ్వబోయింది.

"ఏయ్! తల్లి కాడి వస్తువు బయటి చేతులకు ఇయ్యొద్దు" అంది అమ్మమ్మ, పుల్ల ఆపకుండానే.

"అయితే ఫోను లోపలికి ఇయ్యనా?"

"ఇయ్యొద్దంటే!"

డైరీ బయటికి పోదు. ఫోను లోపలికి రాదు. వేలెడు సందు. దాంట్లోంచి పోగలిగింది ఒక్కటే ఉంది. అవతల ఊరంతా చెవులు నిక్కించి కూచుంది. నీల డైరీ తెరిచి, ‘గౌరవనీయులైన’ చిత్తుప్రతి వదిలేసింది, ‘అన్నా’ చిత్తుప్రతి వదిలేసింది. ఒక గుటక నీళ్ళు తాగింది, చేదుగా.

"రాయి మామా. గొర్రెపిల్ల బుగ్గ మీద ఉన్నది మచ్చ కాదు."

"మచ్చ... కాదు. ఊ."

"మా అమ్మమ్మ లచ్చమ్మ చీపురుపుల్లతోని, ఆముదం మసితోని పెట్టింది. కదిలితే బతికున్నట్టు ఉంటదని మాస్టరు సారే కదలనిచ్చిండు. అది దిష్టిసుక్క."

"దిష్టి..." మామ బొటనవేలు ఆగింది. "ఫోనేమో చుక్క అని చూపిస్తున్నదే కోడలు పిల్లా. చుక్కనా, సుక్కనా? పెద్దగ చెప్పు, వినవడ్తలేదు."

నీల పెదవులు సందుకు ఆనించింది.

"చుక్క కాదు మామా. సకు కొమ్మిస్తే సు. కకు కవత్తు. సుక్క."